గంజి వార్చే చోటు

సుభాషిణి ఇల్లు కట్టడం మొదలుపెట్టి ఏళ్ళు గడిచిపోయాయి. ఒక్క ఇటుక కొనలేదు, ఒక్క ట్రాక్టరు ఇసుక తోలించలేదు. కట్టిందంతా బుర్రలోనే. నాట్లకు వంగినప్పుడు ఒక గోడ లేపేది. ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఆ గోడకో కిటికీ పెట్టేది. వాకాడు బస్సులో నిలబడి పోతూ, ఆ కిటికీ నచ్చక, తీసి ఇంకో పక్కకు మార్చేది. నవ్వుకుంటే నవ్వుకోండి. ఉన్న ఇంట్లో ఒళ్ళు తిప్పుకోవడానికి చోటు లేని మనిషి ఇంకేం చేస్తుంది?

వాళ్ళది వాకాడు దాటి సముద్రం వైపు పోతే, సర్వి చెట్ల తోపులకు ఇవతల, వరి మళ్ళు ఇసుక నేలకు ఆనుకునే ఊరు. పాత ఇంట్లో రెండు కాపురాలు. ఒకటి బావగారు హజరత్తయ్యది, రెండోది ఆయన తమ్ముడు పెంచలప్రసాద్‌ది. పెంచలప్రసాద్ పెళ్ళామే సుభాషిణి. మొగుడు మంచివాడు. మంచివాడంటే, అన్న ముందర నోరెత్తనివాడు. అంత మంచితనం పక్కన కాపురం చేయడం ఎట్లా ఉంటుందో ఆవిడను అడగండి.

ఆవిడ బుర్రలోని ఇంటికి తూర్పున వరండా. మధ్యాహ్నం దాటి సముద్రపు గాలి మళ్ళిందంటే, ఆ గాలి వరండా ఎక్కి, హాల్లోంచి నడిచి, వంటింట్లో దూరి, పెరటి గుమ్మంలోంచి పోవాలి. అందుకని గుమ్మాలన్నీ ఒకే వరసలో పెట్టింది. కూతురు భానుప్రియకు లోపలినుంచి గడియ పెట్టుకునే గది, కిటికీ కింద చదువుకునే బల్ల. హాలంటారా, చిన్నదైనా ఆవిడకు పర్వాలేదు. హాల్లో ఆవిడ ఎప్పుడు కూర్చుంది గనక! ఎక్కువసార్లు పడగొట్టి కట్టింది వంటింటినే. ఒక పక్క పొయ్యి గట్టు. గట్టుకు ఎదురుగా, గోడ వారన, మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చున్నా ఇంకా మిగిలేంత చోటు. నేల కాస్త పల్లంగా, మూలన నీళ్ళు పోయే తూముతో. అక్కడ ఏ వస్తువూ పెట్టకూడదు. ఫ్రిజ్జు పెట్టకూడదు, డబ్బాలు పెట్టకూడదు, దేవుడి పటం కూడా పెట్టకూడదు. అది గంజి వార్చే చోటు.

చివరికి ప్లాను గీయించేటప్పుడు ఇంజినీరుతో కూడా అదే చెప్పింది. ఆయన నవ్వి, ఈ కాలంలో గంజి వార్చేదెవరమ్మా, కుక్కరు లేదా అన్నాడు. కుక్కరు లేకేం, ఉంది. కానీ హజరత్తయ్య కుక్కరు అన్నం ముట్టడు. ముద్దయిపోతుందట, తింటే కడుపు ఉబ్బుతుందట. అన్న ముట్టనిది తమ్ముడూ ముట్టడు. పూటపూటకూ మెతుకు మెతుకు విడిగా, వార్చిన అన్నమే పడాలి. వార్చడానికి చోటు కావాలని మాత్రం ఆ ఇద్దరిలో ఒక్కడికీ ఎన్నడూ తట్టలేదు. తినే చెయ్యి వేరు, వార్చే చెయ్యి వేరు గదా, ఎట్లా తడుతుంది!

పాత ఇంటి వంటిల్లు ఇంటి గోడకూ పశువుల కొట్టానికీ మధ్య రేకులు దించిన సందు. ఆ సందులో కూడా ఒక ఏడు హజరత్తయ్య విత్తన వడ్ల మూటలు తెచ్చి పెట్టాడు. కొట్టంలో పెడితే చెమ్మ తగులుతుందట. "రెండు నెలలే గదమ్మే, సర్దుకో," అన్నాడు. సుభాషిణి మొగుడితో చెప్పింది, అత్తతో చెప్పింది, చివరికి సిగ్గు విడిచి బావగారికే చెప్పింది. ఎవరూ చెవిన వేసుకోలేదు. ఒక పొద్దున అన్నం ఉడికింది. నాలుగేళ్ళ భానుప్రియ ఉప్పేసిన గంజి కోసం గిన్నె పట్టుకుని వెనక మూట మీద కూర్చుంది. సుభాషిణి తపేలా ఎత్తి, వార్చడానికి ఒక అడుగు వెనక్కి వేసింది. మడమ మూటకు తగిలింది. తపేలా ఒరిగింది.

బిడ్డ కుడి చెయ్యి, మోచేతి నుంచి మణికట్టు దాకా.

ఆసుపత్రిలో డాక్టరు ఎట్లా జరిగిందని అడిగితే, పెంచలప్రసాద్ నోట వచ్చిన మొదటి మాట, "మా ఇంటామె చెయ్యి జారింది సార్." అంతే. ఆ మాట ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది, ఇంటి నుంచి ఊళ్ళోకి పోయింది. సుభాషిణి చెయ్యి జారి బిడ్డ చెయ్యి కాలింది. మూటల సంగతి ఎవరూ ఎత్తలేదు. మరుసటి రోజే అవి మళ్ళీ కొట్టంలోకి పోయాయి, చెమ్మా గిమ్మా ఏమీ తగల్లేదు. అప్పటినుంచి ఎవరింట్లో పెళ్ళయినా, సమర్తయినా, సుభాషిణి తపేలా మీద చెయ్యి వేస్తే చాలు, ఎవరో ఒకరు వచ్చి మెల్లిగా లాక్కునేవాళ్ళు. "నువ్వొద్దులేమ్మే, మళ్ళా చెయ్యి జారితే!" అని నవ్వేవాళ్ళు. తల కొట్టేసినట్టుండేది. కొన్ని రాత్రులు ఆవిడకే అనుమానం వచ్చేది, నిజంగా జారిందేమోనని. అన్నిటికంటే ఎక్కువ కోపం ఆవిడకు ఆ అనుమానం మీదే.

భానుప్రియ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఎంత ఎండలోనైనా నిండు చేతుల చుడీదారే వేసుకుంటుంది. గంజి వాసన వస్తే లేచి వాకిట్లోకి పోతుంది. ఆనాటి నుంచి చుక్క తాగలేదు.

ఇన్నేళ్ళకు అన్నదమ్ములు భాగాలు పంచుకున్నారు. పెంచలప్రసాద్‌కు చేను పక్కన మెరక స్థలం వచ్చింది. సుభాషిణి చెప్పినట్టే ఇంజినీరు ప్లాను గీశాడు. భూమిపూజ అయింది. పక్క పల్లె జకరయ్య మేస్త్రీ గూటాలు కొట్టి, దారాలు కట్టి, సున్నంతో ముగ్గు పోశాడు. బుర్రలో ఉన్న ఇల్లు నేల మీద తెల్లటి గీతలుగా కనపడేసరికి సుభాషిణికి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. చెప్పులు విడిచి వరండాలోకి ఎక్కింది. గోడలు తొక్కకుండా గుమ్మాల్లోంచే నడిచింది. భానుప్రియను పిలిచి, "ఇది నీ గది, గడియ పెట్టుకో," అంది. ఆ పిల్ల లేని తలుపుకు లేని గడియ పెట్టి, లోపలినుంచి నవ్వింది.

అప్పుడు వచ్చాడు హజరత్తయ్య. భాగాలైపోయినా పెద్దరికం పంచుకోలేదు గదా. హాలు గీతల మధ్య నిలబడి, చేతులు రెండూ చాచి చూశాడు.

"ఏందిరా ప్రసాదూ ఇది, హాలు అగ్గిపెట్టి మాదిరుండాది! నలుగురొస్తే ఏడ కూచుంటారు?"

"ముగ్గు పోసినప్పుడు ఎవురికైనా గదులు చిన్నగానే కనపడతాయన్నా," అన్నాడు జకరయ్య. "గోడలు లేస్తే పెద్దయితాయి. నేను కట్టిన ప్రెతి ఇంటికాడా ఇదే మాట."

"నువ్వుండు మేస్త్రీ. ఆ వంటింటి గోడ మూడడుగులు లోపలికి జరుపు. వంటింటికి అంత చోటెందుకు, ఆడ డాన్సులేస్తారా?"

సుభాషిణి గబగబా వచ్చింది. "బావా, అది వార్చే చోటు. దాన్ని ముట్టుకోబాకండి. కావాలంటే వరండాలో తగ్గించండి."

"వరండా తగ్గితే వాస్తు చెడతాది," అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, తగ్గించినా అందరికీ వినపడేట్టు, "నీకు తెలవదమ్మే. రేపు పాపకు పెళ్ళిచూపులకొస్తారు. పాప చెయ్యి అట్టుండాది. ఇల్లన్నా రవంత గొప్పగా కనపడాలా వొద్దా? జరిగిందేందో జరిగింది, నీ చెయ్యి జారింది. ఇప్పుడన్నా ఆ బిడ్డ గురించి ఆలోచించు," అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది సుభాషిణికి.  మొగుడి వైపు చూసింది. పెంచలప్రసాద్ నేల చూపులు చూస్తూ, "పెద్దోడు చెప్తా ఉండాడు గదా, మన మంచికే," అన్నాడు. గదిలో గడియ పెట్టుకుని నిలబడ్డ భానుప్రియ చున్నీ లాగి చెయ్యి కప్పుకుంది. ఆ పిల్ల చెయ్యి కప్పుకోవడం చూసింది చూడండి, అక్కడ తెగింది సుభాషిణికి. జకరయ్య ఆవిడ ముఖం చూసి కాసేపు తటపటాయించాడు. హజరత్తయ్య ఇంకోసారి కసిరేసరికి గూటం పీకి మూడడుగులు లోపలికి కొట్టాడు. పాత గీతను కాలితో చెరిపేసి, కొత్తది పోశాడు.

ఆ సాయంత్రం ఆవిడ గిన్నెలు తోముతూ, ఒక్కో గిన్నెనూ హజరత్తయ్య బోడిగుండు అనుకుని రుద్దింది. ఏడవలేదు. ఏడిస్తే ఆడవాళ్ళు ఇంతేలే అని వాళ్ళు హాయిగా అన్నం తినేవాళ్ళు. ఆవిడకు కావలసింది ఆ గోడ. పునాది తవ్వారంటే అయిపోయినట్టే, ఇంక ఈ జన్మకు ఆ గోడ జరగదు. తవ్వేది రేపే.

పునాది తీసే రోజు మేస్త్రీకీ కూలీలకూ ఇంటివాళ్ళే అన్నం పెట్టడం అక్కడి ఆనవాయితీ. తెల్లారగానే సుభాషిణి మొగుడిని లేపింది. "వంట ఆడే చేస్తా. సామాన్లు ఎత్తించు," అంది. ఆ గొంతు విని పెంచలప్రసాద్ ఎందుకని అడగలేదు. బండి మీద గ్యాసు సిలిండరు, స్టవ్వు, పొడుగు బల్ల, వడ్లు పోసుకునే ఖాళీ డ్రమ్ము, బియ్యం, పప్పు అన్నీ స్థలం దగ్గర దించాడు. సుభాషిణి వాటిని గీతల లోపలే సర్దింది. పొయ్యి గట్టు రావలసిన చోట బల్ల, దాని మీద స్టవ్వు. పక్కన సిలిండరు. ఫ్రిజ్జు వంటింట్లోనే పెట్టాలని బావగారే చెప్పాడు గనక, ఫ్రిజ్జు చోట డ్రమ్ము. సర్దడం అయ్యాక చూస్తే, మధ్యలో మనిషి నిలబడే సందు మిగిలింది. పాత ఇంటి రేకుల సందుకూ దీనికీ తేడా ఏమీ లేదు.

"ఏందక్కా, గీతల్లోనే వండుతావా?" అన్నాడు జకరయ్య, గడ్డపార భుజాన వేసుకుని.

"నా వంటిల్లు గదా, నాయనా. ఇంకేడ వండేది? అన్నం వార్చిందాకా గడ్డపార దించబాక."

జకరయ్య గడ్డపార పక్కన పెట్టి కూర్చున్నాడు. పప్పు ఉడికింది. వంకాయ, ఎండు రొయ్యల కూర అయింది. ఎసట్లో బియ్యం పడ్డాయి. హజరత్తయ్య తెల్ల పంచె కట్టుకుని, మొదటి గడ్డపార వెయ్యడానికి పెద్దమనిషిలాగా దిగాడు. దారాల లోపల పొయ్యి చూసి, "ఏందమ్మే ఈ వేషాలు?" అన్నాడు.

"అన్నం ఉడికింది బావా. వార్చాల," అంది సుభాషిణి. కొంగు నడుముకు దోపుకుని, చేతులు కట్టుకుని, దారం అవతలికి వచ్చి నిలబడింది.

"వార్చు మరి. చూస్తావేంది?"

"నేను వార్చను. నేను వారిస్తే చెయ్యి జారుతాది గదా. ఇన్నేళ్ళుగా మీరే చెప్తా ఉండారు. కూలోళ్ళంతా ఉండారు, ఎవురి మీదైనా పడితే? మీరు వార్చండి."

కూలీలు కిసుక్కున నవ్వారు. హజరత్తయ్యకు పౌరుషం వచ్చింది. వచ్చి తీరుతుందని ఆవిడకు తెలుసు. ఏటా పెంచలకోన తిరునాళ్ళలో అన్నదానానికి తనే దగ్గరుండి వండిస్తానని ఆయన చెప్పని రోజు లేదు.

"కోనలో అంతంత అండాలు వార్చినోణ్ణి, ఈ తపేలా నాకొక లెక్కా!" అంటూ పంచె ఎగ్గట్టి గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. కోనలో ఆరుబయట, నలుగురు మనుషులు చుట్టూ ఉండి వారుస్తారన్న సంగతి ఆ క్షణాన ఆయనకు గుర్తు రాలేదు.

"గీత తొక్కబాకండి బావా. అది గోడ," అంది సుభాషిణి.

తపేలా మీద సిబ్బి మూత పెట్టాడు. మసిగుడ్డతో రెండు పక్కలా పట్టుకుని ఎత్తాడు. బరువుగానే ఉంది. గంజి పట్టే బేసిను కింద నేల మీద ఉంది. వంగాలంటే మోకాలు సిలిండరుకు తగిలింది. పక్కకు తిరిగాడు, మోచెయ్యి బల్లకు కొట్టుకుంది. ఆవిరి ముఖాన కొడుతోంది. "కొంచెం ఎనక్కి..." అని తనకు తనే చెప్పుకుంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. మడమ డ్రమ్ముకు తగిలింది. డ్రమ్ము డంగుమంది. తపేలా ఒరిగింది. సిబ్బి పక్కకు జారి, కుతకుతలాడే గంజి రవంత బేసిన్లోకి, మిగతాది బయటికి దూకింది. సున్నం గీత మీదుగా పారింది. ఆయన ఎడమ పాదం మీద పడింది.

"అమ్మో! చచ్చినా!" అని తపేలా బల్ల మీద పడేసి, ఒంటికాలి మీద గెంతుతూ దారం తెంపుకుని బయటపడ్డాడు హజరత్తయ్య. పెంచలప్రసాద్ పరుగున పోయి అన్నను పట్టుకున్నాడు. కూలీల్లో ఒకడు నోరు జారి, "అయ్యయ్యో, పెద్దాయన చెయ్యి జారిందే," అన్నాడు.

హజరత్తయ్య అంతెత్తున ఎగిరాడు. "నా చెయ్యేం జారలా! ఎవుడ్రా ఆ కూసింది? ఈడ తిరగడానికి చోటేడుంది? ముందర సిలిండరు, ఎనక డ్రమ్ము! ఇట్టాంటి సందులో ఎవురైనా ఎట్టా వారుస్తారు? నా చెయ్యి జారలా, చోటు లేదు!"

అన్న తర్వాత తన మాట తనకే వినపడినట్టుంది. ఆగిపోయాడు. 

సుభాషిణి బిందె తెచ్చింది. ఆయన ముందు కూర్చుని, కాలిన పాదం మీద చన్నీళ్ళు పోసింది. పోస్తూనే తల ఎత్తి చూసింది. ఆ కళ్ళలో జాలి వెతుక్కుంటే దొరికేది కాదు.

"మళ్ళా చెప్పండి బావా."

"ఏంది చెప్పేది?"

"ఇప్పుడు చెప్పినారే, అదే. చెయ్యి జారలా, చోటు లేదు అని. రవంత గట్టిగా చెప్పండి, మీ తమ్ముడికి వినపడాల. ఆయనకు ఆసుపత్రిలో ఈ మాట తెలవలా."

పెంచలప్రసాద్ అన్నను వదిలి ఒక అడుగు వెనక్కి పోయాడు.

"మీ కాలి మీద పడేసరికి చోటు లేకపాయెనా?" సుభాషిణి బిందె కింద పెట్టింది. "నా బిడ్డ చెయ్యి కాలిన నాడు మాత్రం నా చెయ్యి జారెనా? ఇన్నేళ్ళు! ఊరంతా నా చేతిలో తపేలా లాక్కొని నవ్వుతుంటే, మీరూ నవ్వినారు. నా బిడ్డ గిన్నె పట్టుకొని కూచున్న మూటలు ఎవురివి బావా? తియ్యండి తియ్యండని నేను ఎవురి కాళ్ళ మీద పడినా?"

హజరత్తయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తిప్పిన వైపే భానుప్రియ నిలబడి ఉంది. ఆయనకు చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చివరికి, "నాయే," అన్నాడు. 

పెంచలప్రసాద్ గీతల దగ్గరికి నడిచాడు. లోపలికి కొట్టిన గూటాన్ని రెండు చేతులా పట్టి ఊపి పీకి, మొదటి చోటికి తీసుకుపోయాడు. "మేస్త్రీ, గోడ ఈడికే," అన్నాడు. నిన్న అనాల్సిన మాట. కాదు, పదిహేనేళ్ళ కిందట అనాల్సిన మాట. సుభాషిణి ఆ మాట విన్నది గానీ ఆయన వైపు చూడలేదు. చూసి మెచ్చుకోవాలా? గూటం పీకినంత మాత్రాన!

జకరయ్య సున్నం తట్ట ఎత్తుకున్నాడు. పెంచలప్రసాద్‌ను దాటుకుని నేరుగా ఆవిడ దగ్గరికే వచ్చి, "ఈడికేనా అక్కా?" అని అడిగాడు.

"ఆడికే. ఒక అంగుళం తగ్గినా ఊరుకోను."

గీత పడింది. గాలికి చెదరకుండా జకరయ్య దాని మీద దారం బిగించి కట్టాడు. కూలీలు గడ్డపారలు అందుకున్నారు. మొదటి గడ్డపార హజరత్తయ్య వెయ్యలేదు. కాలు చాపుకుని, బండికి ఆనుకుని, మూలుగుతూ కూర్చున్నాడు. సుభాషిణి కొంగు బిగించి తనే వేసింది. ఇసుక నేల, గడ్డపార జానెడు దిగింది.

వెనక్కి తిరిగి చూస్తే, గీతల మధ్య వంటింట్లో భానుప్రియ ఉంది. గంజి బేసిను ముందర, గొంతుక్కూర్చుని. చుడీదారు చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. కూలీలూ, మేస్త్రీ, పెదనాయనా అందరూ చూస్తుండగానే. ఒక చేతిలో గిన్నె పట్టుకుంది.

"అమ్మా, అడుగున రవంత మిగిలింది. ఉప్పెయ్యి."

సుభాషిణికి కోపం ఇంకా దిగలేదు. ఉప్పు డబ్బా మూత రెండుసార్లు జారింది. తీసిన ఉప్పు చిటికెడు కాదు, గుప్పెడు పడింది. భానుప్రియ ఒక గుక్క తాగి, ముఖం చిట్లించి, మిగతాదంతా కూడా తాగేసింది.